అమాయకుడూ ఆధునిక జీవితమూ

మన భాషలో కొన్ని మాటలు వాడుకలో అరిగి అరిగి చివరకు తమ అసలు అర్థానికే ఎదురు తిరుగుతాయి. "అమాయకుడు" అలాంటి మాట. మాయ లేనివాడు అమాయకుడు. అనగా ఇతరులను మోసం చేయనివాడు. ఇవాళ ఈ మాట వాడేవాళ్ళలో ఎంతమందికి ఆ అర్థం స్ఫురిస్తుంది? లోకం తెలియనివాడు, ఎవరేం చెప్పినా నమ్మేవాడు, నోట్లో వేలు పెడితే కొరకలేనివాడు – ఇదీ ఇప్పటి అర్థం. మోసం చేయకపోవటమనే గుణం మోసపోవటమనే లోపంగా మారిపోయింది. ఈ మార్పు వల్ల ఎవరికి లాభం కలిగిందో ఊహించటం కష్టం కాదు. ఒక మోసం జరగాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మాట అర్థం జారిపోవటంతో ఆ ఇద్దరిలో మోసగాడు రంగం మీదినుంచి తప్పుకున్నాడు. మోసపోయినవాడు ఒక్కడే, తన అమాయకత్వంతో సహా, ప్రేక్షకుల నవ్వుకు మిగిలాడు.

పాతకాలపు మనిషి ఒకడు ఆధునిక జీవితంలోకి వచ్చిపడతాడు. అడుగడుగునా తడబడతాడు. ఆ తడబాటు చూసి ఒక ఆధునిక యువతి మొదట నవ్వుతుంది, తరువాత ప్రేమిస్తుంది. ఈ కథను చాలా దేశాలవాళ్ళు చెప్పుకున్నారు, మనమూ చెప్పుకున్నాం. 1990లో వచ్చిన "జగదేకవీరుడు అతిలోకసుందరి"లో ఉంగరం పోగొట్టుకుని భూమిమీదికి వచ్చిన దేవకన్యకు ఆ తడబాటు దక్కింది. పాత్రలు తారుమారైనాయి, అంతే. ఇలాంటి కథలు కాలక్షేపానికి పుట్టినవనీ, వీటిని పట్టుకుని చర్చించటం విమర్శకునికి తగని పని అనీ మనవాళ్ళలో ఒక అభిప్రాయం వుంది. నేను దానితో ఏకీభవించలేను. ఎందుకంటే ఈ నవ్వు వెనక తేలిగ్గా తెగని నీతి ప్రశ్న ఒకటి వుంది. అమాయకత్వం మంచి గుణమేనా? మంచిదైతే పిల్లలకు చదువు చెప్పి దాన్ని ఎందుకు పోగొడుతున్నాం? మంచిది కాకపోతే, చీకట్లో సినిమా చూస్తూ కూర్చున్నప్పుడు ఆ నాయకుడు మారకుండా వుంటే బాగుండునని ఎందుకు కోరుకుంటున్నాం? ఉపాధ్యాయుడికి ఈ ప్రశ్ననుంచి తప్పించుకునే దారి లేదు. అమాయకత్వాన్ని తగ్గించటానికే కదా మాకు జీతమిస్తున్నది!

నేను పాఠం చెప్పే కాలేజీ మేడ్చల్ వైపు వుంది. మా విద్యార్థుల్లో ఎక్కువమంది మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపట్ల గ్రామాలవాళ్ళు. వాళ్ళ తాతలు ద్రాక్షతోటల్లో పని చేశారు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు హైదరాబాదు శివార్లు పేరుపడిన రోజులవి. ఇవాళ ఆ పందిళ్ళు వున్న నేలమీద వెంచర్ల బోర్డులున్నాయి. నిజాం కాలంలో మీటర్ గేజి రైలు నడిచిన మేడ్చల్‌కు 2023 ఏప్రిల్‌లో ఎమ్.ఎమ్.టి.ఎస్. వచ్చింది. తూర్పున షామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి పోతుంది. నగరాన్ని చుట్టిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెంటినీ కలుపుతుంది. 1999లో ప్రారంభమైన జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారవుతున్నాయి. ప్రపంచమంతా మూతికి గుడ్డ కట్టుకున్న రోజుల్లో మన దేశంలో తయారైన ఒక టీకా ఇక్కడినుంచే వెళ్ళింది. మా విద్యార్థులలో కొందరి అక్కలు ఆ కంపెనీల బస్సులెక్కి షిఫ్టులకు పోతారు. వాళ్ళ నాయనమ్మలు అదే రోడ్డుపక్క జామకాయలు అమ్ముతారు. పాతకాలపు మనిషి ఆధునిక జీవితానికి ఎదురుపడటమనేది వీళ్ళకు సినిమా కథ కాదు. ఒకే ఇంట్లో, ఒకే పూట, అన్నం దగ్గర జరిగే వ్యవహారం.

ఈ విద్యార్థులతో కలిసి "బారిస్టర్ పార్వతీశం" చదివాను. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఈ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడొకడు ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదువుకని సీమకు బయలుదేరుతాడు. రైలు చూసి, చెన్నపట్నం చూసి, ఓడ చూసి బిత్తరపోతాడు. దొరల వేషానికి టోపీ కావాలి గనుక టోపీ కొంటాడు. అది కాస్తా ఆడవాళ్ళ టోపీ! దాన్ని నెత్తిన పెట్టుకుని దర్జాగా తిరుగుతాడు. ఇక్కడికి వచ్చేసరికి తరగతి విరగబడి నవ్వింది. నవ్వు తగ్గుతుండగా షామీర్‌పేట దగ్గరి పల్లెనుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి అడిగింది:

"సార్, గా టోపీ అమ్మినోనికి తెల్వదా, అది ఆడోళ్ళదని?"

తరగతి ఇంకా గట్టిగా నవ్వింది. కాని ఆ అమ్మాయి నవ్వటం లేదు. నిజంగానే అడుగుతున్నది. నేను చదివిన పార్వతీశం విమర్శల్లో హాస్యరస పోషణ గురించి, భాషలోని చమత్కారం గురించి, పాత్రచిత్రణ గురించి ఎంతో వుంది. కొట్టువాడి గురించి ఒక్క వాక్యం కూడా కనిపించలేదు. మన తెలుగులో మోసం చేయటాన్ని "టోపీ వేయటం" అంటాం. ఆ పలుకుబడి తెలిసిన జాతి కూడా ఈ సన్నివేశంలో టోపీ అమ్మినవాడిని చూడకుండా, పెట్టుకున్నవాడిని మాత్రమే చూసింది. ఇళ్ళ స్థలాల బ్రోకర్లు రోజూ తలుపు తట్టే ఊరినుంచి వచ్చిన పిల్లకు ముందు కనిపించినవాడు అమ్మినవాడే. ఆమె హాస్యం అర్థం చేసుకోలేదని కొందరు విద్యార్థులు అనుకున్నారు. ఆ సన్నివేశంలో అందరికంటె ఎక్కువ అర్థం చేసుకున్నది ఆమేనని నా అభిప్రాయం.

అంతమాత్రాన మొక్కపాటి వారిది క్రూరమైన హాస్యమని నేననటం లేదు. ఆయన ఒక గొప్ప పని చేశారు. కథను పార్వతీశం నోటనే చెప్పించారు. ఇదే కథ మూడో మనిషి చెప్పివుంటే పది పేజీలు దాటి చదవలేకపోయేవాళ్ళం. ఒక పల్లెటూరి కుర్రవాడి అజ్ఞానాన్ని చూసి పట్నంవాడు ఇకిలించినట్టు వుండేది. ఇక్కడ టోపీ పెట్టుకున్న పార్వతీశం వేరు, ఆ సంగతి మనకు చెబుతున్న పార్వతీశం వేరు. ఇద్దరి మధ్యా ఒక సముద్రప్రయాణమంత చదువు వుంది. చెబుతున్నవాడికి అన్నీ తెలుసు. తెలిసినవాడు తన తెలియనితనాన్ని దాచుకోకుండా బయట పెట్టి, మనకంటె ముందు తానే నవ్వుతున్నాడు. నేర్చుకున్నవాడికి మాత్రమే దక్కే హక్కు అది.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఏ టోపీ మగవాడిదో ఏది ఆడదానిదో ప్రకృతి నిర్ణయించలేదు. అది ఏలేవాళ్ళ దేశంలోని ఆచారం. ఏ దొరో మొగల్తూరు వచ్చి మన చీరకొంగు తలపాగాగా చుట్టుకుంటే ఊరు ఊరంతా నవ్వి వుండేది. కాని ఆ నవ్వువల్ల దొరకు పోయేదేమీ లేదు. అతను కలెక్టరుగానే వుంటాడు. పార్వతీశం టోపీ తప్పుగా పెడితే అది అతని అర్హతకు పరీక్ష అయి కూర్చుంటుంది. ఆధునికత అని మనం గౌరవంగా పిలిచేదానిలో సగం విజ్ఞానమైతే, మిగతా సగం లోపలివాళ్ళకు మాత్రమే తెలిసిన ఇలాంటి గుర్తులే. ఈ రెండు సగాలనూ వేరు చేయని హాస్యం, అజ్ఞానాన్ని చూసి నవ్వుతున్నానని చెప్పుకుంటూ అధికారం లేకపోవటాన్ని చూసి నవ్వుతుంది. మా విద్యార్థులకు ఇది బాగా తెలుసు. వాళ్ళు నగరంలోని పెద్ద కాలేజీ పోటీలకు వెళ్ళి తమ ఇంటి భాషలో నాలుగు మాటలు మాట్లాడితే చాలు, "పాపం, అమాయకులు" అన్న చూపు ఎదురవుతుంది. తెలుగు సినిమా చాలా దశాబ్దాలపాటు తెలంగాణ మాటను నవ్వించేవాడికో రౌడీకో కేటాయించింది. శేఖర్ కమ్ముల 2017లో తీసిన "ఫిదా"లో బాన్సువాడ అమ్మాయి ఆ భాషలోనే ప్రేమించి, ఆ భాషలోనే అలిగి, అమెరికా డాక్టరునే తన ఊరివైపు తిప్పుకుంది. ఆ సినిమా విడుదలైనప్పుడు మావైపు ఆడపిల్లలు అంత సంతోషించటానికి కారణం కథలోని ప్రేమ ఒక్కటే కాదు.

పార్వతీశం ప్రేమ సంగతికి వస్తే నాకు కొంత అసంతృప్తి వుంది. చాలా ఏళ్ళ తరువాత వచ్చిన తరువాతి భాగాలలో ఒక స్కాట్లండు యువతితో అతని స్నేహం ప్రేమదాకా పోతుంది. అయినా అతను ఒంటరిగా స్వదేశానికి తిరిగివచ్చి, పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకుని, జాతీయోద్యమంలో చేరతాడు. ఈ భాగాలలో మొదటి భాగపు హాస్యం లేదని అందరూ అనేదే, నేనూ ఒప్పుకుంటాను. కాని కారణం రచయిత కలం అలసిపోవటం కాదు. నాయకుడు తెలుసుకున్నాడు. తెలుసుకున్నవాడిని పట్టుకుని ఆ పాత నవ్వు నవ్వటం కుదరదు. సరిగా అక్కడే ఒక కొత్త కథ మొదలు కావలసింది. తెలిసిన మగవాడూ, తెలిసిన ఆడదీ, మధ్య ఒక సామ్రాజ్యం. నవల ఆ గట్టుదాకా వచ్చి వెనక్కు మళ్ళింది.

మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మిత్రునితో ఈ సంగతులు మాట్లాడినప్పుడు అతను నా ఆలోచననంతా ఒక్క దెబ్బతో కొట్టిపారేశాడు. అమాయకత్వం భూస్వామ్యపు అవశేషమనీ, దాన్ని ప్రేమించటమంటే ఆ వ్యవస్థను ప్రేమించటమేననీ అతని వాదన. రైతు అమాయకుడుగా వుండటం ఎవరికి కావాలి? దొరకు కావాలి. గడీ ముందు చేతులు కట్టుకుని "నీ బాంచెను" అన్నంతకాలం అతను మంచివాడు, నమ్మినవాడు. 1946నుంచి 1951దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో అదే రైతు సంఘం కట్టి, వెట్టి చేయనన్నప్పుడు అతన్ని ఎవరూ అమాయకుడనలేదు, చెడిపోయాడన్నారు. తన మాటకు బలంగా అతను కమ్యూనిస్టు ప్రణాళికను కూడా తెచ్చాడు. బూర్జువా వర్గం జనాభాలో పెద్ద భాగాన్ని పల్లెటూరి మౌఢ్యంనుంచి బయటకు లాగిందని మార్క్స్, ఎంగెల్స్ 1848లోనే గుర్తించారు కదా అన్నాడు.

మొదటి వాదనకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. రెండోదాని విషయంలో మాత్రం ఒక పేచీ పెట్టాను. ప్రణాళికలోని జర్మన్ మాట "ఇడియోటిస్ముస్". దాని మూలం గ్రీకులో వుంది. అక్కడ "ఇడియోటెస్" అంటే బుద్ధిలేనివాడు కాదు, పదిమంది వ్యవహారాలలో పాల్గొనక తన బతుకులో తానుండేవాడు. ఆ మాటకు ఆ చోట మౌఢ్యమని కాక ఒంటరితనమని, వెలుపలి లోకంతో సంబంధం లేకపోవటమని అర్థం చెప్పాలని పండితులు వాదించారు. ఆ వాదమే సరైనదని నేననుకుంటాను. మన అమాయకుడికి పట్టిన గతే ఆ గ్రీకు మాటకూ పట్టింది. మనుషులను వేరు చేసి వుంచిన ఏర్పాటు మాయమై, వేరుపడినవాడి బుర్ర తక్కువతనం మిగిలింది.

ఈ మాయ అన్న మాటతో ఒక మంచి సినిమా ఆడుకుంది. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ కథతో రాజ్ కపూర్ 1955లో తీసిన "శ్రీ 420". అబ్బాస్ అభ్యుదయ రచయితల ఉద్యమంలోని మనిషి. బి.ఏ. పాసైన ఒక యువకుడు అలహాబాదునుంచి కాలినడకన బొంబాయి చేరి, నిజాయితీకి వచ్చిన బహుమతి పతకాన్ని వెంటనే తాకట్టు పెడతాడు. అతన్ని ప్రేమించే బడిపంతులమ్మ పేరు విద్య. అతన్ని డబ్బున్నవాళ్ళ క్లబ్బులోకి లాగే ఆమె పేరు మాయ. పేర్లు పెట్టటంలో మొరటుతనం వుంది, నిజమే. కాని ఆ మొరటు పేర్లలో ఒక నిశితమైన ఆలోచన వుంది. మాయకు ఎదురుగా అబ్బాస్ అమాయకత్వాన్ని నిలబెట్టలేదు, విద్యను నిలబెట్టాడు. నాయకుడు ఇంతకీ చేరే మోసం ఏమిటి? నూరేసి రూపాయలకు ఇల్లు ఇస్తామని పేదలదగ్గర డబ్బు పోగుచేయటం! మోసానికి మారుపేరైన ఆ 420వ సెక్షను 2024 జులై 1నుంచి లేదు, భారతీయ న్యాయ సంహితలో అది 318లో కలిసింది. నెంబరు మారినందువల్ల ఆ వృత్తిలో వున్నవాళ్ళకు ఇబ్బంది కలిగినట్టు మా మేడ్చల్ వైపు బోర్డులు చూస్తే అనిపించదు.

అయితే అబ్బాస్ పెట్టిన పేర్లు మా ప్రాంతంలో ఒకచోట తిరగబడతాయి. తెలంగాణ పల్లెల్లో "సాదా బైనామా" అని వుంది. తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం. ఒకడు అమ్మాడు, ఒకడు కొన్నాడు, ఊళ్ళో ఇద్దరు ముగ్గురు సాక్షి సంతకాలో వేలిముద్రలో వేశారు. రిజిస్ట్రేషను ఖర్చు, కచేరి దూరం, అక్కడి గుమాస్తా భయం – అన్నీ కారణాలే. కాని అసలు కారణం, ఇద్దరికీ కాగితం కంటె మాట మీద గురి వుండటం. ఆ ఇద్దరూ అమాయకులే, అసలు అర్థంలో. ఒకరి దగ్గర ఒకరికి మాయ లేదు. 1971 నాటి చట్టంలో ఇలాంటి కాగితాలను క్రమబద్ధం చేయటానికి తరువాత ఒక దారి ఏర్పరిచారు. 2020 అక్టోబరు 29న కొత్త చట్టం అమలులోకి వచ్చింది, ధరణి పోర్టల్ మొదలైంది. దాన్ని ప్రారంభించిన చోటు వేరెక్కడో కాదు, మా మేడ్చల్ జిల్లాలోని మూడుచింతలపల్లి. కొత్త లెక్కలో పాత పహాణీలోని అనుభవదారు గడి లేదు, సాదా బైనామాకు దారీ లేదు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చి ఆ దారి మళ్ళీ తెరిచిందాకా నాలుగున్నరేళ్ళు, దున్నేవాడి పేరు కనిపించటానికి యంత్రంలో చోటు లేదు.

ఇప్పుడు కథ ఊహించండి. అమ్మిన తాత లేడు, కొన్న తాత లేడు. గజం ధర తాతలు ఎన్నడూ వినని అంకెకు చేరింది. అమ్మిన తాత మనవడు డిగ్రీ చదివాడు, కంప్యూటర్‌లో తమ తాత పేరు పట్టాదారుగా కనిపించింది. ఆ మనవడికి చదువు లేదనగలమా? చదువుంది, చట్టం కూడా అతనివైపే వుంది. విద్య చేతిలోనే మాయ వుంది. అప్పుడు ఊరు కొన్నవాళ్ళ కుటుంబాన్ని చూసి ఏమంటుంది? "పాపం, అమాయకులు, తెల్లకాగితం నమ్ముకున్నరు" అంటుంది. మనవడిని మాత్రం ఏమీ అనదు. మాట జారటంవల్ల ఒరిగే లాభమంటే ఇదే. దేశానికి న్యాయవాదులను తయారుచేసే నల్సార్ విశ్వవిద్యాలయం 1998లో ఏర్పడి ఈ షామీర్‌పేటలోనే వుంది. పార్వతీశం న్యాయశాస్త్రం కోసం సముద్రాలు దాటాడు. మా పల్లెల పిల్లలకు ఒక గోడ దాటితే చాలు. ఆ గోడ దాటటానికి రాయవలసిన ప్రవేశ పరీక్ష ఇంగ్లీషులో వుంటుంది, అది వేరే సంగతి.

కనుక అమాయకుడిలో రెండు వస్తువులు కలిసి వున్నాయని నాకు తోస్తుంది. ఒకటి తెలియకపోవటం. అది పోవాలి, ఎంత త్వరగా పోతే అంత మంచిది. ఈ విషయంలో నా మిత్రునితో నాకు పేచీ లేదు. రెండోది ఎదుటివాడి మాటను మాటగా తీసుకోవటం. ఇది అజ్ఞానం కాదు, సంఘంలో బతకటానికి పునాది. సంఘం కట్టిన రైతులు కూడా ఒకరి మాట ఒకరు నమ్మే కట్టారు కదా! అప్పుడు వాళ్ళు పోగొట్టుకున్నది దొరమీది నమ్మకాన్ని, ఒకరిమీద ఒకరికున్న నమ్మకాన్ని కాదు. మన హాస్యప్రణయ కథలు చేసే పొరపాటు ఈ రెంటినీ ఒకే మూటగా కట్టి, మూటతోసహా ప్రేమించమనటం. నాయిక అతని నమ్మకాన్ని ప్రేమించాలంటే అతని తెలియనితనం అలాగే వుండి తీరాలన్నట్టు కథ నడుస్తుంది. అతనికి ఒక్క ముక్క కొత్తగా తెలిస్తే ఎక్కడ ప్రేమ చెడిపోతుందోనని రచయితకు భయం.

ఈ భయం ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే కె. విశ్వనాథ్ గారి "స్వాతిముత్యం" (1986) చూడాలి. అది పూర్తిగా హాస్యకథ కాదు. కాని అమాయకుడి ప్రేమను తెలుగువాళ్ళు అంతగా గుండెకు హత్తుకున్న సినిమా మరొకటి లేదు. బుద్ధి ఎదగని శివయ్య, భర్త పోయి బిడ్డతో కష్టాలు పడుతున్న లలిత మెడలో గుడిలో అందరిముందూ తాళి కట్టేస్తాడు. హాలంతా కన్నీళ్ళు. నాకూ కన్నీళ్ళు వచ్చాయి, కాదనను. తరువాత ఆలోచన వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. తాము చేస్తున్నదేమిటో తెలిసి చేశారు. సంఘం వెలి వేసింది. నూట అయిదేళ్ళ తరువాత అదే పనిని మన ప్రేక్షకులు చప్పట్లతో ఆమోదించారు. కాని చేసినవాడికి తానేం చేశాడో తెలియకూడదన్న షరతు మీద! తెలిసినవాడు చేస్తే ఆచారాన్ని ధిక్కరించినట్టు. తెలియనివాడు చేస్తే దేవుడు చేయించినట్టు. సంఘం తన మార్పును తాను ఒప్పుకోవటానికి ఒక పసివాడి చేయి కావలసివచ్చింది. ఇందులో ఇంకా పెద్ద లోపం, ఆ తాళి మెడలో పడేముందు లలితను ఎవరూ అడగకపోవటం. అతనికి తెలియదు గనుక అడగలేదు, సరే. రచయితకు తెలుసు కదా? తరువాతి కథలో ఆమె అతనికి బతకటం నేర్పుతుంది, అతను నేర్చుకుంటాడు. అక్కడ సినిమా తన్ను తాను కొంత సరిదిద్దుకుందని మాత్రం చెప్పాలి.

గురజాడ ఈ చిక్కును అంతకు ఎంతో ముందే చూశాడు. 1892లో ప్రదర్శించి, 1909లో తిరగరాసిన "కన్యాశుల్కం"లో బుచ్చమ్మ అమాయకురాలు, ఆధునిక జీవితం గిరీశం వేషంలో ఆమె ఇంటికి వచ్చింది. ప్రేమ వుంది, హాస్యం వుంది. గిరీశం బుచ్చమ్మకు అమ్మజూపిన టోపీ పేరేమిటి? వితంతు వివాహం! సంస్కరణే అతని సరుకు. టోపీ మంచిదే, అమ్మేవాడు గిరీశం. మామూలు హాస్యకథ అయితే చివర పెళ్ళి చేసి తెర దించాలి. గురజాడ పెళ్ళి చేయలేదు. సౌజన్యారావు పంతులు చేత బుచ్చమ్మను చదువుకోవటానికి పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేయించాడు. నాటకం ఇలా ముగియటం రుచించనివాళ్ళు ఇప్పటికీ వున్నారు. నేను తరగతిలో చెప్పినప్పుడల్లా కొందరు మగపిల్లలు నిరుత్సాహపడతారు. ఆడపిల్లలు పడరు.

ఇక తెలుసుకున్న తరువాత ప్రేమ నిలుస్తుందా అనే ప్రశ్న మిగిలింది. దాన్ని సూటిగా వేసినవాడు, నాకు తెలిసినంతలో, చాప్లిన్. 1931లో తీసిన "సిటీ లైట్స్"లో ఇంటిగడప లేని ఒక దిమ్మరి, పూలమ్మే గుడ్డి పిల్లను ప్రేమిస్తాడు. ఆమె అతన్ని ధనవంతుడనుకుంటుంది. నగరంలో అతనికున్న ఏకైక స్నేహితుడు ఒక లక్షాధికారి. తాగి వున్నప్పుడు కౌగిలించుకుంటాడు, మత్తు దిగితే ఎవరు నువ్వంటాడు. పెట్టుబడిదారీ వ్యవస్థ ఔదార్యం గురించి అంతకంటె బాగా ఎవరూ చెప్పలేదు! అతను ఆమె కళ్ళ చికిత్సకు డబ్బిచ్చి, దానివల్ల దొంగతనం నేరం మీద జైలుకు పోతాడు. తిరిగివచ్చేసరికి ఆమెకు చూపు వచ్చింది, సొంతంగా పూలకొట్టు పెట్టింది. కొట్టు అద్దంలోనుంచి చిరిగిన బట్టల మనిషిని చూసి నవ్వుతుంది. ఆ నవ్వు మనమందరం పార్వతీశాన్ని చూసి నవ్విన నవ్వే, కొట్టు లోపలినుంచి నవ్వే నవ్వు. జాలిపడి ఒక పువ్వూ ఒక నాణెమూ ఇవ్వబోయి అతని చేయి పట్టుకుంటుంది. చేతి స్పర్శవల్ల గుర్తుపడుతుంది. ఆమెకు ఇప్పుడు అన్నీ తెలుసు. అతను ధనవంతుడు కాడు, అతను చెప్పుకోని అబద్ధాన్ని ఆమే నమ్మింది, ఆమె చూపుకు వెల అతను చెల్లించాడు. సినిమా అక్కడే ఆగిపోతుంది.

ఈ ముగింపులో నా ప్రశ్నకు జవాబు వుందని నా మిత్రునితో అన్నాను. చూపు వచ్చింది, నమ్మకం పోలేదు, ఆమె చేయి వదలలేదు చూడండి అన్నాను. అతను ఒప్పుకోలేదు. ఆమె ఇప్పుడు కొట్టు యజమానురాలు, అతని జేబులో చిల్లిగవ్వ లేదు. మర్నాడు పొద్దున కొట్టు నిండా బేరాలున్నప్పుడు ఇతను అవే బట్టలతో వస్తే లోపలికి రమ్మంటుందా, లేక గుమ్మంలోనే పువ్వూ నాణెమూ చేతిలో పెడుతుందా, అది చెప్పండి అన్నాడు. మేడ్చల్ బస్సు వచ్చేదాకా మేమిద్దరం దానిమీదే వాదించుకున్నాం.